లారీకి పట్టిన రెండు గాలులు

ఆ మంగళవారం పొద్దున దేవరాజులు వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. ఐరాల తోటలో నుంచి మామిడికాయల లోడుతో తన లారీ చిత్తూరు మండీకి వస్తుంది. మండీలో చీటీ రాయించుకుని, పైన టార్పాలిను కప్పి, తాళ్లు బిగించి, ఎండ ముదరకముందే బెంగళూరు దారి పడుతుంది. దారిలో మొగిలి ఘాటు వస్తుంది. ఆ ఘాటు ఎక్కేటప్పుడు లారీ ఆగకూడదు. అంతే.

చెప్పడానికి అంతే గాని, ఆ లారీ తన జన్మలో మొగిలి ఘాటును ఆగకుండా ఎక్కిన పాపాన పోలేదు. సగం ఎక్కేసరికి రేడియేటరులో నీళ్లు తుకతుక ఉడికి, మూతలోంచి ఆవిరి బుస్సుమని లేచేది. డ్రైవరు మునెయ్య దిగి, టైర్ల కింద రాళ్లు పెట్టి, బోనెట్టెత్తి, బకెట్టుతో నీళ్లు మోసుకొచ్చి పోసి, బీడీ వెలిగించుకుని కూర్చునేవాడు. చిత్తూరు లారీ స్టాండులో ఆ బండికి ఒక నంబరు ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. ఇడ్లీ పాత్ర అంటేనే తెలిసేది.

ఇన్నేళ్లూ దేవరాజులు ఆ పేరును నవ్వి ఊరుకున్నాడు. ఈ ఏడు, అంటే ఎనభైమూడులో, ఆయనకు నవ్వు రావడం మానేసింది. మామిడి మండీ సావుకారు కుప్పుస్వామి సీజను మొదట్లోనే స్టాండుకొచ్చి అందరి ముందూ చెప్పేశాడు. "నా కాయలు బెంగళూరులో పండల్ల గానీ మొగిలి ఘాట్లో పండితే ఎట్లప్పా? మంగళవారం రెండు లారీలకు లోడెత్తతా. దేవరాజులుది ఒకటి, కృష్ణమూర్తిది ఒకటి. ఏది ఆగకుండా ఘాటెక్కతాదో ఈ సీజను లోడ్లన్నీ దానికే."

సీజను పోతే లారీని అమ్ముకోవడమే. అమ్ముకున్నాక ఏం చెయ్యాలో కూడా భార్య వరలక్ష్మమ్మ ఆలోచించి పెట్టింది. "మా తమ్ముని సైకిల్ షాపులో ఒక స్టూలు ఖాళీగా ఉండాదంట. పంచర్లు ఎయ్యడం రెండు దినాల్లో వచ్చేస్తాదంట," అని అన్నం వడ్డిస్తూ ఓదార్పుగా చెప్పింది. బావమరిది ఎదుట స్టూలు మీద కూర్చోవడం ఊహించుకుని దేవరాజులు సగం అన్నంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

అందుకే ఆయన మెకానిక్ ధనంజయ మాట విన్నాడు. మద్రాసులో కొన్నేళ్లు పనిచేసి వచ్చిన ధనంజయకు రోజుకొక ఆలోచన పుట్టేది. వాటిలో ఇది కాస్త మెరుగైనది.

"అన్నా, నీ రేడియేటరు ఎనక ఉండే ఫ్యానును తిప్పేది ఎవురు?" అన్నాడు ధనంజయ.

"ఇంజను."

"ఘాట్లో ఇంజను ముక్కతా మూలగతా పోతాంటే ఫ్యాను ఎట్ల తిరగతాది?"

"అదీ ముక్కతానే తిరగతాది."

"ఆ! గాలి ఎచ్చుగా కావాల్సిన సోటే తక్కవై పాయె. ఆ ఫ్యానును తిప్పేదానికి ఇంజను బలం కొంత పాయె. దాన్ని పీకి పారేస్తాం. దాని బదులు రెండు కరెంటు ఫ్యాన్లు, బ్యాటరీతో తిరిగేవి. మద్రాసు పాతసామాన్ల అంగట్లో ఫారిన్ కార్లవి దొరకతాయి. నీళ్లు వేడెక్కితే వాటంతట అవే తిరగతాయి. సల్లబడితే అవే నిలిచిపోతాయి. ఇంజను ఆడినా ఆగినా వాటికి పన్లే."

మునెయ్య చెల్లెలి బిడ్డకు చెవులు కుట్టించడానికి ఊరికి పోయిన సమయం చూసి, శని, ఆదివారాల్లో పని ముగించారు. మునెయ్యకు మాత్రం చెప్పలేదు. మునెయ్య మంచి డ్రైవరే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. వాడికి చెబితే స్టాండంతా చెప్పినట్టే, కృష్ణమూర్తి కూడా మద్రాసు బస్సెక్కేస్తాడు. అందుకని సోమవారం రాత్రి దేవరాజులు వాడిని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ఏమన్నా కానీ, బోనెట్టు మాత్రం ఎత్తొద్దు మునెయ్యా. బండిలో ఏం సద్దొచ్చినా అడగొద్దు," అని మాత్రం చెప్పి పంపాడు. ఇంత జాగ్రత్తగా చెడగొట్టిన పని ఆ జిల్లాలో మరొకటి ఉండదు.

మంగళవారం పొద్దున మునెయ్య లోడు తెచ్చి మండీలో నిలిపాడు. ఇంజను ఆపి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని, ఎదురుగా ఉన్న టీ అంగట్లో గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క దిగిందో లేదో, డ్రైవరు లేని లారీ ముందువైపు నుంచి "బుర్ర్ర్" మంటూ పెద్ద రొద మొదలైంది. కాయలు ఏరుతున్న ఆడవాళ్లు గంపలు వదిలేసి లేచారు. వాళ్లకు మేస్త్రీ లాంటిది నాగులమ్మ. ఆమె కొంగు నడుముకు దోపి ముందుకొచ్చింది.

"ఏమి రా మునెయ్యా, బండి ఆపినావా లేదా?"

"ఆపినానక్కా. తాళంచెవి ఈడ నా జేబులో ఉండాది."

"మల్ల లోపల ఎవురుండేది?"

"ఎవురూ లేరు. బోనెట్టు ఎత్తొద్దని అన్న చెప్పినాడు. ఏం సద్దొచ్చినా అడగొద్దన్నాడు," అన్నాడు మునెయ్య. చెబుతుంటే ఆ మాటలు వాడికే బాగా అనిపించలేదు. గ్లాసు కింద పెట్టేశాడు.

"దారిలో యాడన్నా ఆపినావా?"

"ఐరాల దాటినాంక... ఆ శ్మశానం కాడ... అర్జంటుగా..."

"ఓరి నీ పాసుగూల! పోయి పోయి ఆడ నిలబడి పోస్తావా? అవి ఊరకుంటాయా?" నాగులమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "బండికి గాలి సోకినాది రా!"

గాలి అంటే మనం పీల్చుకునేది ఒకటుంది, మనల్ని పట్టుకునేది ఒకటుంది. నాగులమ్మ చెప్పింది రెండోది. మండీలో ఎవరికీ మొదటిది తట్టలేదు. సరిగ్గా అప్పుడే దేవరాజులు సైకిలు మీద వచ్చి దిగాడు. ఆయన తలలో నాలుగు రోజులుగా ఉన్నది ఆ మొదటి గాలి ఒక్కటే.

"అన్నా, బండికి గాలి పట్టినాది!" అని మునెయ్య ఎదురొచ్చి అరిచాడు.

దేవరాజులు ముఖం వెలిగిపోయింది. అది అందరూ చూశారు.

"పట్టిందా? బాగా పట్టిందా?"

"బాగా పట్టినాదన్నా. బుసలు కొడతా ఉండాది."

"ఇంగ దాసేదేముండాది మునెయ్యా! నేనే పెట్టించినా. ధనంజయ చేత పెట్టించినా. ఒకటి కాదు, రెండు! ఎడమపక్క ఒకటి, కుడిపక్క ఒకటి."

"రెండా!" అంటూ నాగులమ్మ గోనెపట్ట మీద కూలబడింది. "యాడివి నాయనా రెండూ?"

"మద్రాసు నుంచి తెప్పించినా. ఫారిన్‌వి. మన నాటువి ఏం పనికొస్తాయమ్మా, ఒక వానకే ఠపీమంటాయి."

"వాటితో నీకు భయం లేదా?"

"భయమెందుకు? వేడెక్కితే వాటంతట అవే లేస్తాయి. సల్లబడితే అవే పండుకుంటాయి. మన జోలికి రావు. వేలు మాత్రం పెట్టకూడదు. పెడితే తెంపేస్తాయి."

ఈ చివరి మాట ఆయన సంతోషంగా రెండు చేతులూ చాచి చెప్పి, తల తిప్పి చూసేసరికి మండీ ముంగిట ఆయనా, లారీ, మునెయ్య తాగి వదిలేసిన టీ గ్లాసూ మిగిలాయి. జనమంతా గేటు అవతలికి చేరారు. లారీ లోపల ఫ్యాన్లు కూడా నీళ్లు చల్లబడి అప్పుడే నిలిచిపోయాయి.

గేటు దగ్గర నుంచే సావుకారు కుప్పుస్వామి పిలిచాడు. పొద్దుటి పూజ చేసి నుదుట మూడు వేళ్ల విబూదితో వచ్చిన మనిషి, ఆ విబూది మీద ఇంకో పట్టె వేసుకుని మరీ నిలబడ్డాడు. "ఏమప్పా దేవరాజులూ, దెయ్యాల్ని ఎక్కించిన బండిలో నా కాయలు పంపిస్తావా? బెంగళూరులో తెలిస్తే నా సరుకు ఎవుడన్నా ముట్టతాడా?"

అప్పటికి గాని దేవరాజులుకు తాను ఏం చెప్పాడో అర్థం కాలేదు. "అయ్యయ్యో సావుకారూ! గాలంటే ఆ గాలి కాదు! ఫ్యాను గాలి! కరెంటు ఫ్యాన్లు!"

"మా ఇంట్లో కరెంటు ఫ్యాను స్విచ్చి ఏస్తేనే తిరగడం లే. నీ బండిలోది స్విచ్చి లేకుండా తిరగతాదా? సరే, ఇప్పుడు తిరగమని చెప్పు."

"చెబితే తిరగవు సావుకారూ. వాటికి తిరగాలనిపించల్ల."

గేటు అవతల జనం ఇంకో రెండడుగులు వెనక్కి వేశారు. దేవరాజులు నాలుక కరుచుకున్నాడు. కుప్పుస్వామి కాయలను వేరే లారీలోకి దించమన్నాడు. కూలీలు దండం పెట్టి, ప్రాణాలు కావాలన్నారు. లోడు దిగదు, కదలదు. ఆ పక్కనే కృష్ణమూర్తి లారీకి తాళ్లు బిగించడం అయిపోయి, అది హారను కొట్టుకుంటూ మండీ దాటిపోయింది. అది పోయిన వైపే చూస్తూ నిలబడ్డ దేవరాజులుకు కళ్లలో నీళ్లొచ్చినంత పనైంది.

కబురందుకుని ధనంజయ పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని తల బాదుకున్నాడు. "ఇంతేనా అన్నా! వీళ్ల ముందరే తిప్పి చూపిస్తా. ఇంజను బాగా వేడెక్కించి ఆపితే సాలు. ఆపినాంక నీళ్లు తిరగవు గదా, ఉండే సోటే ఇంగా వేడెక్కతాయి. అప్పుడు ఫ్యాన్లు లేస్తాయి." వాడే ఎక్కి ఇంజను స్టార్టు చేసి, మండీ అదిరేలా యాక్సిలరేటరు తొక్కి రేజు చేశాడు.

ఆ సమయానికి నాగులమ్మ పిలిపించిన మంత్రగాడు పెంచలయ్య కూడా గేటులోకి అడుగుపెట్టాడు. ఒక చేతిలో వేపమండ, ఇంకో చేతిలో పసుపునీళ్ల బిందె, మెడలో ఎర్ర కండువా. ఆయన పశువులకు, పసిపిల్లలకు, ఒకసారి ఒక పంపుసెట్టుకు గాలి వదిలించాడు గాని లారీకి ఇదే మొదలు. అయినా ఆ సంగతి ముఖంలో కనపడనివ్వలేదు. నేరుగా లారీ ముందుకు పోయి, వేపమండ ఆడించి, "ఎవురే నువ్వు? పేరు చెప్పు!" అని గద్దించాడు.

ధనంజయ ఇంజను ఆపాడు. మండీ నిశ్శబ్దమైంది. పెంచలయ్య ఇంకొంచెం దగ్గరికి వంగి, "చెప్తావా లేదా?" అన్నాడు.

"బుర్ర్ర్!"

పెంచలయ్య విబూది చల్లాడు. లారీ ముందు జాలీ దాన్ని సర్రున లోపలికి పీల్చేసింది. వేపాకులు ఒక్కొక్కటే పోయి జాలీకి అతుక్కున్నాయి. ఆ తర్వాత కండువా కొస లేచి, తిన్నగా పోయి జాలీకి కరుచుకుంది. పెంచలయ్య జీవితంలో ఎన్నో దెయ్యాలను తిట్టాడు గాని, తిరిగి కండువా పట్టుకున్న దెయ్యాన్ని ఇదే చూడటం.

"లాగతా ఉండాది! నన్ను లాగతా ఉండాది!" అని అరుస్తూ, ఏం చేస్తున్నాడో తెలియక బిందెడు పసుపునీళ్లూ జాలీ మీద గుమ్మరించాడు. "ఇంగో బిందె! ఇంగో బిందె తెండి!" నాగులమ్మకు ధైర్యమొచ్చి తొట్టిలో నీళ్లు ముంచి అందించింది. రెండో బిందె, మూడో బిందె. సలసల కాగుతున్న రేడియేటరు మీద నీళ్లు పడితే ఏమవుతుందో అదే అయింది. బుర్రు కాస్తా గుర్రు అయి, ఆ గుర్రు కూడా ఆగిపోయింది. కండువా జాలీని వదిలేసి కింద పడింది.

మండీ అంతా "హరోం హర" అంది. పెంచలయ్య కండువా దులిపి మెడలో వేసుకుని, అంతా తాను అనుకున్నట్టే జరిగినట్టు మీసం దువ్వాడు. "కట్టేసినా. రెండింటినీ కట్టేసినా."

"కట్టేసేదేంది? నీళ్లు పోస్తే రేడియేటరు సల్లబడి..." అని ధనంజయ నోరు తెరిచాడు. దేవరాజులు వాడి కాలు మీద తన చెప్పు కాలు పెట్టి గట్టిగా తొక్కాడు.

"గమ్మునుండు రా," అని పళ్ల సందున గొణిగి, గట్టిగా, "కట్టేసినాడు సావుకారూ! బండి కదిలిద్దునా?" అన్నాడు.

కుప్పుస్వామి గేటు దాటి రెండడుగులు లోపలికి వేశాడు. "కదిలించు. అయితే పెంచలయ్య కూడా క్యాబిన్లో ఎక్కల్ల. దారిలో అవి మల్లా లేస్తే కట్టేదానికి మనిషుండల్ల గదా. నేను కారులో ముందు పోయి ఘాటు పైన టీ అంగడి కాడ ఉంటా."

అలా ఆ లారీ మునెయ్య చేతిలో, మునెయ్య పెంచలయ్య ధైర్యం మీద, పెంచలయ్య దేవరాజులు పక్కన, అందరికీ చివర ధనంజయ కుంటుకాలితో, మొగిలి దారి పట్టింది. ఘాటు మొదలయ్యేదాకా పెంచలయ్య వక్కాకు నములుతూ తాను వదిలించిన గాలుల వైనం చెప్పాడు. మొదటి మలుపు తిరిగాక ఇంజను మూలగడం మొదలైంది. వేడి చూపించే ముల్లు మెల్లగా ఎర్రగీత వైపు జరిగింది. ముందునుంచి "బుర్ర్ర్" మని రొద లేచింది. పెంచలయ్య వక్కాకు మింగేశాడు.

"ఆపు! లేచినాయి! ఆపు మునెయ్యా, దిగి కట్టల్ల!"

మునెయ్య కాలు బ్రేకు మీదికి పోయింది. ఆ కాలు కిందికి నొక్కితే సీజను పోయినట్టే, లారీ పోయినట్టే. దేవరాజులుకు ఆ క్షణాన ఎక్కడి తెలివి వచ్చిందో తెలియదు.

"ఆగు మునెయ్యా! సామీ, ఒక మాట. నువ్వు కట్టినాంక అవి నీ మాట దాటతాయా?"

"యాల దాటతాయి?"

"మల్ల సూడు. అవి మనల్ని ఏమన్నా చేస్తా ఉండాయా? బండిని తోస్తా ఉండాయి సామీ! నీ మాటకే తోస్తా ఉండాయి. ఇంగా గట్టిగా తోయమని చెప్పు."

పెంచలయ్య చెవి పెట్టి విన్నాడు. లారీ ఆగలేదు. వెనక్కి జారలేదు. ఇడ్లీ పాత్ర అన్న పేరు పుట్టిన మలుపులోనే, ముక్కుతూనైనా, పైకే పోతోంది. ఆయన నిటారుగా కూర్చున్నాడు. ఎదుటి రేకు మీద అరచేత్తో కొట్టాడు. "తోయండే! తోయండి నా తల్లుల్లారా! బరువుకు ఎనకాడొద్దు!"

వేడి ముల్లు ఎర్రగీతను ముట్టి నిలబడింది. ధనంజయ దాన్నే చూస్తున్నాడు. అది కొంచెం వణికి, వెనక్కి వచ్చింది. పై మలుపులో కృష్ణమూర్తి లారీ రోడ్డు వారగా నిలబడి ఉంది. టైర్ల కింద రాళ్లు, పైకి లేచిన బోనెట్టు, దాని మీద ఆవిరి. బకెట్టుతో నీళ్లు మోస్తున్న కృష్ణమూర్తి తలెత్తేసరికి, ఇడ్లీ పాత్ర లోపలినుంచి ఎవరో అరుస్తుండగా ఆయన పక్కనుంచి దాటిపోయింది. ఆయన చేతిలో బకెట్టు అలాగే ఉండిపోయింది. దేవరాజులు కిటికీలోంచి ఆయనకు నమస్కారం పెట్టాడు. ఇన్నేళ్లలో అంత మర్యాదగా ఎవరికీ పెట్టలేదు.

ఘాటు పైన టీ అంగడి దగ్గర కుప్పుస్వామి రోడ్డు మీదికొచ్చి నిలబడి ఉన్నాడు. లారీ వచ్చి నిలిచింది. ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది. చుక్క ఆవిరి లేదు. "మేలప్పా! సీజను నీదే పో!" అని ఆయన దేవరాజులు భుజం తట్టాడు. పెంచలయ్య గంభీరంగా దిగి, టీ ఉచితంగా తీసుకుని, అంగడి వెనక నీడకు పోయాడు.

అది ధనంజయ చూడలేకపోయాడు. రెండు రోజుల పని, మద్రాసు ప్రయాణం, తొక్కించుకున్న కాలు, ఇవన్నీ ఎర్ర కండువా ఖాతాలోకి పోతుంటే వాడికి కడుపు మండింది. "సావుకారూ, ఒక్కసారి ఈడ సూడండి," అని బోనెట్టెత్తేశాడు. లోపల రేడియేటరు వెనక రెండు నల్లటి ఫ్యాన్లు బుద్ధిగా నిలబడి ఉన్నాయి. వేడెక్కినప్పుడు అవి ఎలా తిరుగుతాయో, చల్లబడినప్పుడు ఎలా నిలిచిపోతాయో వైర్లతో సహా చూపించాడు. కుప్పుస్వామి వంగి చాలాసేపు చూశాడు.

"అంటే ఫ్యాన్లేనా?"

"ఫ్యాన్లే సావుకారూ!"

"పాతవా?"

"పాతవే. కానీ ఫారిన్‌వి."

"వైరు తెగితే?"

"నిలిచిపోతాయి."

"బ్యాటరీ పోతే?"

"నిలిచిపోతాయి," అన్నాడు ధనంజయ, కొంచెం తక్కువ గొంతుతో.

కుప్పుస్వామి ముఖం వాడిపోయింది. "ఏమప్పా ఇది! రెండు దెయ్యాలు తోస్తా ఉండాయి, ఇంగ దారిలో అడ్డం లేదు, రాత్రిపూట కాయలు దొంగిలించే నా కొడుకు దగ్గరికి రాడు అనుకుంటి. దెయ్యమైతే ఒకసారి కడితే పడుంటాది. పాతసామాన్ల అంగట్లో కొన్న ఫ్యాన్లను నమ్ముకొని సీజను సరుకంతా ఎట్లిచ్చేది? కృష్ణమూర్తి బండన్నా నయం, అది యాడ నిలిచిపోతాదో నాకు తెలుసు. రేపు మాట్లాడదాం లే దేవరాజులూ."

ఆయన కారు వైపు తిరిగాడు. చేతికొచ్చిన సీజను, దానితో పాటు లారీ, నిజం చెప్పిన పాపానికి కారెక్కి పోతుంటే దేవరాజులు చూస్తూ ఊరుకోలేదు. ఒక్క అంగలో పోయి బోనెట్టు ధడాలున మూసేశాడు.

"సావుకారూ! వాడు మెకానిక్కు, వాడి మాట పట్టుకుంటే ఎట్ల? పైకి ఫ్యాన్ల మాదిరి కనపడతాయి. అవి ఉండేదానికి ఒక ఇల్లు కావాల గదా! అడగండి వాడినే. చెప్పు రా ధనంజయా!"

ధనంజయ దేవరాజులు ముఖం చూశాడు. ఆ ముఖంలో నిన్న మొన్నటి దాకా లేని ముసలితనం కనిపించింది. "అవును సావుకారూ," అన్నాడు నేల చూస్తూ. "ఇల్లు మాత్రమే మనం కట్టినాం. ఉండేవాళ్లు వేరే."

కుప్పుస్వామి నమ్మాలా వద్దా అన్నట్టు కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఇవేవీ పట్టించుకోని మునెయ్య, డీజిలు వృథా ఎందుకని ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, టీ కోసం దిగాడు. ఘాటు ఎక్కొచ్చిన నీళ్లు నిలిచిన చోటే ఇంకా వేడెక్కాయి. మనిషన్నవాడు లేని లారీలోంచి, మూసిన బోనెట్టు కింద నుంచి, "బుర్ర్ర్" మని లేచింది.

కుప్పుస్వామి కారు తలుపు వదిలేసి, చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించాడు. "తప్పై పోయినాది తల్లీ," అని లారీకి దండం పెట్టి, దేవరాజులు వైపు తిరిగాడు. "సీజను నీదేనప్పా. పెంచలయ్యను మాత్రం బండి దిగనీయొద్దు."

ఆ సీజనంతా పెంచలయ్య క్యాబిన్లో కూర్చుని గాలులకు ఆజ్ఞలిచ్చాడు. ధనంజయ వారం వారం వచ్చి వాటికి గ్రీజు పెట్టి పోయాడు.